సాయంత్రాల కార్ఖానాలో మా అత్తయ్య

సాయంత్రం బొమ్మ కనిపిస్తే చాలు, నేను మొహం తిప్పేసుకుంటాను. ఆ బొమ్మ మీకూ తెలుసు. హోటల్ గదిలో మంచానికి పైన, పళ్ళ డాక్టరు దగ్గర మన వంతు కోసం కూర్చునే చోట, బ్యాంకులో టోకెను పట్టుకుని నిలబడే చోట చూసే ఉంటారు. కింద పొలాలు, వాటి మధ్య వంకరగా ఒక బాట, బాట చివర ఒక ఇల్లు, ఇంటి మీద సన్నటి పొగ, పక్కన రెండు చెట్లు, పైనంతా పసుపూ నారింజా ఊదా కలిసిపోయిన ఆకాశం. అంతా తడితడిగా, మసకమసకగా ఉంటుంది. కుడి మూలన కింద ఒక సంతకం. దాన్ని చూసి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అని మీరెప్పుడైనా అనుకుని ఉంటే, మీ మీద నాకు కోపం లేదు. జాలి మాత్రం ఉంది.

ఎందుకంటే ఆ ప్రశాంతత తయారయ్యే చోట నేను ఇరవై మూడేళ్ళు పనిచేశాను. టైర్లకి పంక్చర్లు వేసే కొట్టు పైన ఒక పొడవాటి హాలు. మూడు ట్యూబులైట్లు, అందులో ఒకటి ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉండేది. ఉన్న ఒక్క కిటికీ పక్క మేడ వెనక గోడకి తెరుచుకునేది. ఆ సందులో మురుగు గొట్టం పగిలి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. అందుకే ఆ కిటికీ తెరిచేవాళ్ళం కాదు. తెరవకపోతే లోపలి కంపు ఉండనే ఉంది. కాలిన రబ్బరు, జిగురు, మురిగిన రంగునీళ్ళు. బ్రష్షులు కడిగే బకెట్టులో నీళ్ళ మీద మీగడలా ఒక పొర కట్టేది. రోజుకి నలభై సాయంత్రాలు తయారుచేసే ఆ గదిలోకి అసలైన సాయంత్రం ఒక్కటి కూడా ఎన్నడూ రాలేదు.

పని పంచుకుని చేసేవాళ్ళం. కాగితాన్ని చెక్క మీద పరిచి నాలుగంచులా టేపు వెయ్యడం నా పని. లేకపోతే తడికి కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది. పొద్దున అత్తయ్య ఆకాశాలు వేసేది. అవి ఆరాక మధ్యాహ్నం నుంచి ఇంకొకాయన చెట్లూ ఇల్లూ బాటా పొగా వేసేవాడు. ఆయన్ని అందరం కొమ్మలు అనే పిలిచేవాళ్ళం. బ్రష్షు మొన తేలడానికి దాన్ని నోట్లో పెట్టుకుని చీకేవాడు. ఆయన నాలుక ఏ పూట చూసినా ఆకుపచ్చగా ఉండేది. రాత్రంతా బొమ్మలు గోడవారన ఉన్న అరల్లో ఆరేవి. మర్నాడు పొద్దున నేను వచ్చి టేపులు ఊడదీసి, బొమ్మలన్నీ మా యజమాని బాబుగారి బల్ల మీద పెట్టేవాణ్ణి. టేపు ఊడిందంటే బొమ్మ పూర్తయిందని లెక్క. అదే మా కార్ఖానా చట్టం. బాబుగారు వచ్చి సంతకాలు చేసేవాడు. ఆ తర్వాత నేను అద్దాలు వేసి ఫ్రేములు బిగించేవాణ్ణి.

బాబుగారి గురించి చెప్పాలంటే నోరు కడుక్కోవాలి, అయినా చెప్తాను. మొదటి సాయంత్రం బొమ్మ వేసింది వాళ్ళ నాన్న. ఆ పెద్దాయనకి నిజంగానే చెయ్యి ఉండేదట. కొడుక్కి ఆస్తిలో హాలూ బల్లలూ సంతకమూ వచ్చాయి, చెయ్యి మాత్రం రాలేదు. బ్రష్షు ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి, తండ్రి సంతకాన్ని మాత్రం పొల్లు పోకుండా దించేవాడు. పొద్దున పదింటికి వచ్చి బొటనవేలు నాలుకకి తాకించుకుని, ఒక్కో కాగితం మూల లేపి, చరచరా గీకేవాడు. కళ్ళు ఫోన్లో ఉండేవి. మధ్యలో చెవి దురద పెడితే ఆ పెన్ను మూతతోనే తిప్పుకుని, దాన్ని ఒకసారి చూసుకుని, మళ్ళీ సంతకంలో పడేవాడు. నలభై బొమ్మలకి పావుగంట పట్టేది. ఆ సిరా మాత్రం మంచిది. నీళ్ళు పోసినా చెరగదు.

నేను ఆ బొమ్మల వైపు చూడడం మానేసి చాలా ఏళ్ళయింది. టేపు ఊడదీయడానికి చూడక్కర్లేదు. అంచు పట్టుకుని ఏటవాలుగా, బొమ్మకి దూరంగా లాగితే కాగితం చిరక్కుండా వచ్చేస్తుంది. వేళ్ళకి తెలుస్తుంది. కళ్ళు ఎక్కడైనా ఉండవచ్చు. నావి కిటికీ అద్దంలోంచి మురుగు పట్టిన ఆ గోడ మీద ఉండేవి. సాయంత్రాల కంటే అదే నయమనిపించేది.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. నన్ను ఈ పనిలో పెట్టించింది ఆవిడే. పల్లెటూళ్ళో పుట్టింది. పదకొండేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ తల్లి అంటే మా నాయనమ్మ. నేను చూడలేదు. ఆవిడ ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఆ కాలంలో వాళ్ళకి ఫోటో ఎవరు తీస్తారు? ఆ తర్వాత అత్తయ్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఊళ్ళు మారింది, ఇళ్ళల్లో పాచిపని చేసింది, చివరికి బ్రష్షులు కడగడానికి ఈ హాల్లో చేరింది. అప్పటికి పెద్దాయన బతికే ఉన్నాడు. ఆకాశాలు వేసేవాడు ఒకరోజు జ్వరమొచ్చి రాలేదు. కాగితాలు తడిపేసి ఉన్నాయి. తడిపిన కాగితం ఎవరి కోసమూ ఆగదు. కడుగుతున్న బ్రష్షే రంగులో ముంచి అత్తయ్య వేసేసింది. పెద్దాయన వచ్చి చూసి, బ్రష్షులు కడగడానికి ఇంకొకర్ని పెట్టుకున్నాడట.

అప్పటినుంచి ఇరవై ఏడేళ్ళు ఆకాశాలే. కాగితాన్ని స్పాంజితో తడిపి, వెడల్పాటి బ్రష్షుతో అడుగున పసుపు, దాని పైన నారింజ, ఆ పైన గులాబీ, ఇంకా పైన ఊదా. ఒక్కో రంగూ ఒకే లాగుడు. మధ్యలో చెయ్యి ఆగితే గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. ఆకాశం అత్త అని ఆవిడకి పేరు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఆకాశాలు ఆరేదాకా ఆగే మొగుడెవడు దొరుకుతాడమ్మా?" అని నవ్వేసేది. నవ్వు బాగానే ఉండేది కానీ గోళ్ళ కింద ఊదా రంగు ఎప్పుడూ పోయేది కాదు. అన్నం తినేటప్పుడు ఆ గోళ్ళు చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. ఆ మాట ఆవిడతో అనలేదు, అదొక్కటే నా మర్యాద.

కొనేవాళ్ళ కోరికలు కాగితాల మీద రాసి గోడకి అంటించేవాడు బాబుగారు. "నారింజ ఇంకొంచెం పెంచండి, మా సోఫాకి కలవాలి." "ఆవులు వద్దు." "బురద కనిపించకూడదు." ఒకసారి ఒక హోటలు వాళ్ళు అచ్చువేసిన పుస్తకం పంపారు. అందులో మా బొమ్మ కింద "పల్లె సాయంకాలం: మనసుకు విశ్రాంతి" అని ఉంది. కొమ్మలు దాన్ని పైకి చదివాడు. అత్తయ్యకి నవ్వొచ్చి, నవ్వు ఆగక, బ్రష్షు పక్కన పెట్టేసింది.

"విశ్రాంతా?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఒరేయ్, మా ఊళ్ళో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదురా. ఆడవాళ్ళం పగలంతా ఆపుకుని కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం దాహమేసినా నీళ్ళు తాగేవాళ్ళం కాదు. కడుపు రాయయిపోయేది. ఎప్పుడెప్పుడు పొద్దు గూకుతుందా అని ఆకాశం వంకే చూసేదాన్ని. ఇదిగో, ఈ ఊదా రంగు రావాలి. అప్పటిగ్గానీ బయటికి పోవడానికి లేదు."

"ఛీ, తినే వేళ ఏం మాటలమ్మా అవి?" అన్నాడు కొమ్మలు, ఆకుపచ్చ నాలుకతో.

"నువ్వు రోజూ వేస్తున్నావే వంకర బాట, అదెక్కడికి పోతుందనుకున్నావు? అక్కడికే. రోడ్డు మీద మగవాళ్ళు పోతూనే ఉండేవాళ్ళు. కొంతమంది కావాలనే నెమ్మదిగా పోయేవాళ్ళు. అమ్మ నన్ను గట్టు పక్కన కూర్చోబెట్టి, తను రోడ్డు వైపు తిరిగి, శాలువా రెండు చేతులా పట్టుకుని అడ్డంగా నిలబడేది. నాకు అమ్మ వీపూ, ఆ పైన ఆకాశమూ, అంతే కనిపించేవి. ఆకాశం ఎలా ఉంటుందో నాకు అక్కడే తెలిసింది."

మళ్ళీ బ్రష్షు తీసుకుని పసుపు లాగింది.  అంతవరకూ ఆ బొమ్మలంటే నాకు విసుగు మాత్రమే. ఆ రోజునుంచి అసహ్యం. అత్తయ్య పదకొండేళ్ళు బిగబట్టుకుని చూసిన ఆకాశం కింద ఎవడో హోటల్లో కాళ్ళు జాపుకుని పడుకుంటాడు, మనసుకు విశ్రాంతట.

రెండేళ్ళ కిందట అత్తయ్య చెయ్యి వణకడం మొదలైంది. మొదట ఎవరికీ తెలియనివ్వలేదు. లాగుడు మధ్యలో చెయ్యి అదిరి గీత పడితే, దాని చుట్టూ నీళ్ళద్ది మబ్బుగా మార్చేసేది. ఒకరోజు బాబుగారు తల ఎత్తి, "ఏమ్మా, ఈ మధ్య మబ్బులు ఎక్కువవుతున్నాయేం?" అన్నాడు.

"వానాకాలం బాబుగారూ" అంది అత్తయ్య.

ఆయన నమ్మాడు. బయట మండుటెండ.

ఆ వారమే టౌన్‌హాల్లో బొమ్మల ప్రదర్శన అని గోడల మీద కాగితాలు వేశారు. ఎవరైనా పంపవచ్చు. షరతు ఒక్కటే. బొమ్మ మీద వేసినవాళ్ళ సంతకమే ఉండాలి. అత్తయ్య ఆ కాగితం ఒకటి గోడ మీంచి జాగ్రత్తగా ఊడదీసుకుని వచ్చి నాకు చూపించింది.

"ఒక్కటి వేస్తానురా. మొత్తం నేనే. చెట్లూ గట్రా ఏమీ వద్దు, అమ్మ ఉంటే చాలు. ఈ చెయ్యి ఇంకెన్నాళ్ళు మాట వింటుందో తెలియదు. ఒక్కసారి గోడ మీద నా పేరు చూసుకుంటా."

"వెయ్యి అత్తయ్యా, దానికేం" అన్నాను. నిజం చెప్పాలంటే, ఇంకో సాయంత్రమా అనుకున్నాను లోపల.

అందరం ఐదింటికి వెళ్ళిపోయాక ఆవిడ ఉండిపోయేది. పది రోజులు పది కాగితాలు పాడయ్యాయి. చెయ్యి అదరడం, గీత పడడం, కాగితం నలిపి బుట్టలో వెయ్యడం. మబ్బుగా మార్చమన్నాను. "ఇందులో దొంగ మబ్బులు వద్దు" అంది. పదకొండో సాయంత్రం నేను గొడుగు మర్చిపోయి వెనక్కి వెళ్ళాను. అత్తయ్య బల్ల ముందు నిలబడి ఉంది. రెండు చేతులూ పైకి పట్టుకుని, దేన్నీ తాకకుండా. మొహం వెలిగిపోతోంది.

"వచ్చిందిరా! రా, చూద్దువు గాని."

"బస్సు పోతుంది అత్తయ్యా. రేపు చూస్తాలే." గొడుగు తీసుకున్నాను.

"సరే. ఒక్క మాట విను. అది తడిగా ఉంది కదా, నాలుగో అరలో అట్టడుగున పెడుతున్నా. ఇంకెక్కడా చోటు లేదు. నువ్వు ముట్టుకోకు. టేపు నేనే తీసుకుంటా. రేపు ముందు టౌన్‌హాలుకి వెళ్ళి ఫారం తెచ్చుకుని వస్తాను, పదకొండవుతుంది. రేపే ఆఖరి రోజు. సంతకం నా చేత్తో చేసుకుని సాయంత్రానికి ఇచ్చేస్తా. విన్నావా?"

"విన్నా, విన్నా" అన్నాను మెట్లు దిగుతూ.

విన్నాను కూడా. చెవిటివాణ్ణి కాను.

మర్నాడు పొద్దున కొమ్మలు ముందురోజు రాత్రి మ్యాచ్ గురించి చెప్తున్నాడు. ఆఖరి నిమిషంలో గోలు, రిఫరీ మోసం, ఇద్దరు ఆటగాళ్ళ కొట్లాట. నేను నవ్వుతూ టేపులు లాగుతున్నాను. మొదటి అర, రెండో అర, మూడో అర. చెక్క తీయడం, నాలుగంచులు లాగడం, కాగితం తీసి దొంతరలో పెట్టడం. కళ్ళు కొమ్మలు మొహం మీద. నాలుగో అర. అడుగు చెక్క. అదీ లాగేశాను. నా వేళ్ళకి అన్ని సాయంత్రాలూ ఒక్కటే. దొంతర పట్టుకెళ్ళి బాబుగారి బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, టీ తాగడానికి కిందికి దిగాను.

పదకొండింటికి అత్తయ్య వచ్చింది. తల నున్నగా దువ్వుకుంది. ప్లాస్టిక్ కవర్లో ఫారం. నన్ను చూసి నవ్వి, నేరుగా నాలుగో అర దగ్గరికి వెళ్ళి వంగింది. వంగిన మనిషి లేవలేదు. చేత్తో అర అంతా తడిమింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. 

"ఏదిరా?" అంది.

 బాబుగారి బల్ల వైపు చూశాను. ఆవిడ కూడా అటు చూసింది. సంతకాలయిన దొంతర అక్కడే ఉంది, బాబుగారు పెన్ను మూత పెడుతున్నాడు. అత్తయ్య వెళ్ళి ఒక్కో కాగితం తిప్పింది. అడుగునుంచి మూడోది బయటికి లాగింది.

నేను ఆవిడ భుజం మీంచి చూశాను. చూసింది బొమ్మని కాదు, సంతకాన్ని. కుడి మూలన కింద, మామూలు చోటే. కానీ ఆ మూల అన్ని బొమ్మల్లోలా ఖాళీ గడ్డి కాదు. అక్కడ ఒక మనిషి నిలబడి ఉంది. సంతకం ఆవిడ భుజం దగ్గర మొదలై, వీపు మీదుగా నడుం దాకా, కింద గీతతో సహా పోయింది. నల్లగా, నిగనిగలాడుతూ.

"ఇది నాది బాబుగారూ" అంది అత్తయ్య.

"ఏమిటి మీది?"

"ఈ బొమ్మ. నేను ప్రదర్శనకి వేసుకున్నది."

ఆయన బొమ్మ అందుకుని మొదటిసారి చూశాడు. "ఓహో. నాకెవరు చెప్పారమ్మా? టేపు తీసి పెట్టారు, సంతకం చేశాను." ఇంకొంచెం చూశాడు. "బాగానే వచ్చిందే! పోనీలెండి, ఏం పోయింది? నా పేరు మీదే పంపిద్దాం. మా నాన్న సంతకం అంటే వాళ్ళకీ గౌరవం. మీ కష్టం నేనుంచుకోను. మీకూ ఏదో ఒకటి చూద్దాం." వేలితో నాయనమ్మ తలని తాకాడు, కాసేపటి కిందట నాకిన ఆ బొటనవేలితోనే. "కానీ ఈ మనిషి అడ్డంగా ఉందమ్మా. కొంచెం పక్కకి వేస్తే ఆకాశం ఇంకా బాగా కనిపించేది."

 

అత్తయ్య బొమ్మని ఆయన చేతిలోంచి తీసుకుంది. తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. అది ఇంకా భయంగా ఉంది.

"టేపు నువ్వే తీశావా?"

"నేనే అత్తయ్యా. మర్చిపోయాను. ఏదో మాటల్లో పడి..."

"మర్చిపోవడం సరేరా. తీసేటప్పుడు చూడలేదా? అందులో చెట్టు లేదు, ఇల్లు లేదు, పొగ లేదు. మనిషి ఉంది. కనిపించలేదా?"

"చూడలేదు."

"ఎప్పుడూ చూడవా?"

అబద్ధం చెప్పవచ్చు. ఆ క్షణంలో నాకు అంత తెలివి లేదు. "చూడను అత్తయ్యా. నాకు వాటిని చూస్తే అసహ్యం."

 "ఇరవై రెండేళ్ళుగా నా ఆకాశాలు విప్పుతున్నావు" అంది నెమ్మదిగా. "ఒక్కటి కూడా చూడలేదన్నమాట." బాబుగారు చేసింది ఆవిడని అంత కొట్టినట్టు లేదు. ఆయన నుంచి ఆవిడ ఏమీ ఆశించలేదు కదా.

సంతకం పోగొట్టే దారి ఉందేమోనని నేను బొమ్మ మీదికి వంగి వెతికాను. గీకితే కాగితం చిరుగుతుంది. మీద ముదురు రంగు వేస్తే? నీటిరంగులో ఏదీ దాగదు, కింద ఉన్నది పైకి తెలుస్తూనే ఉంటుంది. బొమ్మ చుట్టూ పెట్టే మౌంట్ అట్టతో మూల కప్పేస్తే? సంతకంతో పాటు నాయనమ్మా పోతుంది. అడుగు కోసేసినా అంతే.

"బ్లేడూ ఇనప స్కేలూ ఇవ్వు" అంది అత్తయ్య.

"కోస్తే నాయనమ్మ పోతుంది అత్తయ్యా!"

"ఇవ్వమన్నానా?"

ఇచ్చాను. స్కేలు పెట్టి ఎడమ చేత్తో అదిమింది. బ్లేడు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. నేను పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. పైనుంచి కిందికి ఒక కోత, పక్కకి ఒక కోత. సంతకాన్ని కొయ్యలేదు. నాయనమ్మని కోసి తీసుకుంది. అరచేయంత ముక్క. వెనక కొంచెం ఊదా, కాళ్ళ దగ్గర కొంచెం గట్టు, వీపు మీద సంతకం అలాగే. మిగిలినది, ఆ పదకొండు సాయంత్రాల ఆకాశమంతా, మూల తెగిన కాగితంగా బల్ల మీద పడి ఉంది.

"అది ఆయనకిచ్చెయ్" అంది. "ఆకాశాలు చాలా ఇచ్చాను, ఇదొకటి లెక్కలోకి రాదు. అమ్మని మాత్రం ఇక్కడ వదలను."

"సంతకం..."

"ఉంటే ఉండనీ. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆవిణ్ణి ఎన్నెన్ని మాటలన్నారో నీకేం తెలుసు? వీపు మీద పడ్డవి పడ్డాయి, కదల్లేదు." ఆ ముక్కని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. ఫారం బయటికి తీసి, నలిపి, రంగునీళ్ళ బకెట్టులో వేసింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ హాల్లో అడుగు పెట్టలేదు.

నేను మాత్రం ఏం చేశానో చెప్పాలి కదా. మిగిలిన ఆకాశాన్ని అంచులు సరిచేసి చిన్న సైజుకి కోశాను. బాబుగారు ఫోను చూసుకుంటూ దాని మీద ఇంకో సంతకం గీకాడు. నేనే అద్దం వేసి ఫ్రేము బిగించాను. అది ఇప్పుడు ఏ పళ్ళ డాక్టరు గోడ మీదో ఉండే ఉంటుంది, ఎవడో దవడ పట్టుకుని దాన్ని చూస్తూ ఉంటాడు. అత్తయ్య వెళ్ళాక నేను కూడా ఆవేశంగా రాజీనామా ఇచ్చి ఉంటానని అనుకుంటున్నారేమో. లేదు. ఏడాది నాలుగు నెలలు అక్కడే పడి ఉన్నాను. ఆకాశాలు వెయ్యడానికి ఒక మిషను వచ్చింది, అది వణకదు. నన్ను తలచుకుంటే బకెట్టు మీద కట్టిన పొరే నాకు గుర్తొస్తుంది.

నాయనమ్మ ముక్కకి ఫ్రేము మాత్రం నేనే కట్టాను. అత్తయ్య వెళ్ళిపోయిన ఆ వారంలోనే, ఆదివారం నాడు కబురు పెట్టి ముక్క పంపింది. మౌంట్ వద్దు, అద్దం వెయ్యి, వెనక గాలి దూరకుండా బాగా సీలు వెయ్యి, అని చీటీ. ఇంట్లో కూర్చుని కట్టాను. అప్పుడు కూడా మొహమాటమో భయమో, కొలతలు చూశాను కానీ బొమ్మ చూడలేదు. కట్టినది మా తమ్ముడి చేత పంపించేశాను. అత్తయ్య ఇంటికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు.

చివరికి పోయిన నెల వెళ్ళాను. ఒక గది, ఒక వంటగట్టు, వెనక మరుగుదొడ్డి కలిసిన స్నానాల గది. అత్తయ్య ఏమీ జరగనట్టే, "ఏరా, చిక్కిపోయావు, కూర్చో" అంది. చెయ్యి ఇప్పుడు బాగా వణుకుతోంది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది. గోళ్ళ కింద ఊదా రంగు లేదు. అది లేకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. గోడలన్నీ చూశాను. ఒక క్యాలెండరు, ఒక గడియారం, అంతే. నా ఫ్రేము ఎక్కడా లేదు. పారేసిందనుకున్నాను. పారేసినా న్యాయమే.

టీ తాగుతూ మధ్యలో లేచి స్నానాల గదిలోకి వెళ్ళాను. తలుపు మూసి గడియ పెట్టాను. కూర్చున్నాను. తల ఎత్తితే ఎదురుగా, తలుపుకి లోపలి వైపు, మేకుకి వేలాడుతోంది నాయనమ్మ.

వీపు నా వైపు. మొహం తలుపు వైపు. శాలువా రెండు చేతులా వెడల్పుగా పట్టుకుని ఉంది. తలుపు అవతల ఎవరున్నా సరే, ముందు ఆవిణ్ణి దాటుకుని రావాలి.

అక్కడ కూర్చున్నవాడు ఇంకెక్కడికీ చూడలేడు. చూశాను. జుట్టు ముడి ఒక పక్కకి జారింది. శాలువా అంచు దారాలు ఊడి ఉంది, ఆ దారాల్ని ఎండు బ్రష్షుతో వేసింది అత్తయ్య. ఎడమ కాలి మడమ కొంచెం లేచి ఉంది, ఎవరో వస్తున్న చప్పుడు విని సర్దుకుంటున్నట్టు. ఊదా రంగులో భుజం పక్కన ఒక గీత పడింది, చెయ్యి అదిరిన చోటు. దాన్ని మబ్బుగా మార్చలేదు. వీపు మీద బాబుగారి సంతకం. దాని కింద కూడా వీపు నిటారుగానే ఉంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అవతలినుంచి "ఒరేయ్, బతికే ఉన్నావా?" అని అత్తయ్య తలుపు కొట్టింది.

బయటికి వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, పనివాడి మాటే మాట్లాడాను. "అత్తయ్యా, అక్కడ తేమ. నేనెంత సీలు వేసినా లోపలికి బూజు వస్తుంది. రంగంతా పోతుంది. సిరా ఒక్కటే మిగులుతుంది. తీసి ముందు గదిలో పెట్టుకో."

"ముందు గదిలో ఆవిడకేం పని?" అంది అత్తయ్య. "అలంకారానికి నిలబడలేదురా ఆవిడ."

నేను మళ్ళీ కూర్చున్నాను.

"చూశావా?" అంది.

"చూశాను."

"మొత్తం?"

"మొత్తం చూశాను అత్తయ్యా."

ఆవిడ నా టీ చల్లారిపోయిందని కప్పు తీసుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళింది.